గ్లోబ్యులిన్ 5.8 వచ్చింది, యాంటీబాడీలు ఎక్కువుంటే మంచిదే కదా?

సప్తగిరి_సర్కిల్
మా బావకు హెచ్‌ఐవీ ఉన్నట్టు పోయిన ఏడాది తెలిసింది. తెలిసేసరికే సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే టీ కణాల లెక్క) 140కి పడిపోయింది. మందులు మానకుండా వేసుకుంటున్నాడు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, బాగా తగ్గింది. ఇప్పుడు ఇంకో టెన్షన్. లివర్ పరీక్ష చేయిస్తే టోటల్ ప్రోటీన్ 9.2, ఆల్బుమిన్ 3.4, గ్లోబ్యులిన్ 5.8 అని వచ్చింది. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్ కుర్రాడు "ఇట్లాంటివి ఎముక మజ్జ క్యాన్సర్లో వస్తాయి, చూపించుకోండి" అని కౌంటర్ దగ్గర పదిమంది ముందే అనేశాడు. అక్క ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.

డాక్టర్ మాత్రం "హెచ్‌ఐవీలో ఇది మామూలే, యాంటీబాడీలు చేసే బీ కణాలు అతిగా పనిచేస్తున్నాయి, గ్లోబ్యులిన్ అంటే ఎక్కువ భాగం యాంటీబాడీలే" అన్నారు. ఆయన దగ్గర జనం చాలామంది ఉన్నారు, ఇంకేం అడగలేకపోయా. నాకు తెలిసి హెచ్‌ఐవీ తినేది టీ కణాలను. బీ కణాల సంగతి మధ్యలో ఎందుకొచ్చింది? యాంటీబాడీలు అంత ఎక్కువ ఉంటే మంచిదే కదా? మరి హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించినా టైటర్ (ఆ టీకాకు పుట్టిన యాంటీబాడీల లెక్క) 10 కూడా ఎందుకు రాలేదు?

కారందోశ
నాదీ అదే డౌటు. కోవిడ్ టైంలో యాంటీబాడీ నంబర్ ఎక్కువ వచ్చిందని మా ఆఫీసులో స్వీట్లు పంచిన మనిషి ఉన్నాడు.

ల్యాబ్_తమ్ముడు
నేనూ ల్యాబ్ మనిషినే. కౌంటర్లో అట్లా మాట్లాడటం ముమ్మాటికీ తప్పు. గ్లోబ్యులిన్ పెరగడానికి హెచ్‌ఐవీ ఒక కారణం. హెపటైటిస్ సి, సిరోసిస్, టీబీ, లూపస్ లాంటివీ పెంచుతాయి. ఆ కుర్రాడు చెప్పిన ఎముక మజ్జ క్యాన్సర్, అంటే మైలోమా, ఆ వరుసలో ఒకటి, అంతే. తేల్చుకోవాలంటే రక్తంలోని ప్రోటీన్లను విడదీసి గ్రాఫుగా చూపే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని చేయించండి. గ్రాఫులో గామా భాగం వెడల్పుగా లేస్తే రకరకాల బీ కణాలు కలిసి చేసిన యాంటీబాడీలని అర్థం. హెచ్‌ఐవీలో ఎక్కువగా కనపడేది ఇదే. సన్నగా, నిట్టనిలువుగా ఒకే గీత లేస్తే దాన్ని ఎం బ్యాండ్ అంటారు, అప్పుడు రక్త వ్యాధుల డాక్టరుకు చూపించాలి.

హంద్రీ_ఒడ్డు
కర్నూలులో మైక్రోబయాలజీ చెప్తుంటా, కొంచెం పెద్దగానే రాస్తా.

వైరస్ బీ కణాల్లో దూరి పెరగడం దాదాపు ఉండదు. అయినా జబ్బు మొదటి దశ నుంచే అవి దెబ్బతింటాయి. ఇది పాత సంగతే. 1983లో, వైరస్‌కు హెచ్‌ఐవీ అనే పేరు ఇంకా పెట్టకముందే, అమెరికాలో క్లిఫర్డ్ లేన్, ఆంథొనీ ఫౌచీ బృందం ఎయిడ్స్ రోగుల బీ కణాలను పరీక్షించింది. ఎవరూ రెచ్చగొట్టకుండానే అవి యాంటీబాడీలు వదులుతున్నాయి. కొత్త యాంటిజెన్ (గుర్తుపట్టాల్సిన బయటి పదార్థం) చూపిస్తే మాత్రం సరిగ్గా స్పందించడం లేదు. మీ బావ గ్లోబ్యులిన్ రిపోర్టు, టీకా రిపోర్టు పక్కపక్కన పెట్టి చూడండి. అదే కనపడుతుంది.

కారణంలో పెద్ద వాటా సైటోకైన్లది. ఇవి ఒక కణం ఇంకో కణానికి పంపే ప్రోటీన్ సంకేతాలు. జాతరలో నాలుగు దిక్కులా నాలుగు మైకులు ఒకేసారి మోగుతుంటే, తప్పిపోయిన పిల్లోడి పేరు ఎంత అరిచి చెప్పినా ఎవరికి వినపడుతుంది? మందులు వేసుకోని హెచ్‌ఐవీ మనిషి ఒంట్లో బీ కణం పరిస్థితి అదే. ముఖ్యమైన మైకులు ఇవి.

ఐఎల్-6. కోవిడ్‌లో అందరం విన్నదే. 1986లో జపాన్‌లో హిరానో, కిషిమోతో బృందం దీని జన్యువును పట్టుకున్నప్పుడు వాళ్లు పిలిచిన పేరు బీ కణాల ప్రేరక కారకం-2. బీ కణాన్ని యాంటీబాడీ తయారుచేసే ప్లాస్మా కణంగా మార్చడం దాని పని. హెచ్‌ఐవీలో మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్ల రక్త కణాలు దీన్ని ఆపకుండా వదులుతాయి. ఐఎల్-10 కూడా రక్తంలో పెరుగుతుంది, అదీ బీ కణాన్ని ప్లాస్మా కణం వైపే తోస్తుంది.

బాఫ్. బీ కణాలను బతికించే సంకేతం. మామూలుగా తక్కువగా దొరుకుతుంది కాబట్టి పనికిరాని కణాలు, మన ఒంటి మీదకే తిరగబడే కణాలు చచ్చిపోతాయి. ఎక్కువైతే అవి కూడా బతికిపోతాయి.

ఇంటర్ఫెరాన్ ఆల్ఫా. వైరస్ వచ్చిన మొదటి రోజుల్లో మేలు చేస్తుంది. ఏళ్ల తరబడి ఆగకుండా ఉంటే కీడు. వైరస్ ఎక్కువగా ఉన్నవాళ్ల బీ కణాల మీద ఫాస్ అనే గ్రాహకం పెరుగుతుంది. అది ఎక్కువున్న కణం తొందరగా చస్తుంది.

ఇంత గోలలో తయారయ్యే యాంటీబాడీల్లో ఎక్కువ భాగానికి హెచ్‌ఐవీతో సంబంధమే లేదు, దేని మీదా గట్టిగా పనిచేయవు. కాబట్టి 5.8ని చూసి సంతోషించడానికి లేదు, క్యాన్సర్ అని హడలిపోవడానికీ లేదు.

కారందోశ
మైకు సంగతి బాగా పట్టింది. మరి ఆ మైకులు పెట్టించింది ఎవరు? వైరస్ టీ కణాల్లో ఉంటే మాక్రోఫేజ్‌కు అంత కోపం ఏంటికి?

హంద్రీ_ఒడ్డు
పేగు. హెచ్‌ఐవీ సోకిన మొదటి వారాల్లోనే పేగు గోడల్లోని సీడీ4 కణాలు భారీగా పోతాయి. గోడ బలహీనమై అక్కడి బాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి. 2006లో ఇది వివరంగా బయటపడింది. ఆ ముక్కలు తగిలిన ప్రతి మోనోసైట్ ఐఎల్-6, టీఎన్ఎఫ్ అనే సైటోకైన్లు వదులుతుంది. వైరస్ సొంత ఆర్ఎన్ఏ ఇంటర్ఫెరాన్‌ను లేపుతుంది. రెండూ కలిసి ఆడతాయి.

పెన్నా_పరిశోధన
అన్నీ సైటోకైన్ల మీదే వేస్తే ఎట్లా సార్? వైరస్ నేరుగా కూడా బీ కణాల మీద చెయ్యి వేస్తుంది. కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు అంటుకున్న వైరస్ రేణువులు బీ కణం మీద ఉన్న సీడీ21 అనే గ్రాహకానికి వేలాడుతుంటాయి, అక్కడి నుంచి టీ కణాలకు అంటుకుంటాయి. నేఫ్ అనే వైరస్ ప్రోటీన్ సోకిన మాక్రోఫేజ్‌ల నుంచి సన్నని గొట్టాల దారిన బీ కణాల్లోకి చేరి, యాంటీబాడీ ఐజీఎం రకం నుంచి ఐజీజీ, ఐజీఏ రకాలకు మారే పనిని అడ్డుకుంటుంది. ఇవి సైటోకైన్లు కావు కదా. నేను కడపలో పీహెచ్‌డీ చేస్తున్నది ఇమ్యునాలజీలోనే, అందుకే ఈ చాదస్తం.

హంద్రీ_ఒడ్డు
@పెన్నా_పరిశోధన నేఫ్ లోపలికి వెళ్లి చేసేది ఏంటో కూడా చెప్పండి మరి. టీ కణం సాయం అందుకునే సీడీ40 గ్రాహకం నుంచీ సైటోకైన్ల నుంచీ వచ్చే సంకేతాలను బీ కణం లోపలే ఆపుతుంది. అంటే బయట గోల, లోపల చెవుడు. చివరికి సంకేతాల దగ్గరికే వచ్చాం.

పెన్నా_పరిశోధన
ఆపేది సంకేతమే, కానీ ఆపించేది వైరస్ ప్రోటీన్. నా మాట మీద నేను నిలబడతా. మందులతో వైరస్ తగ్గగానే గ్లోబ్యులిన్ దిగడం మొదలవుతుంది. మూలం వైరస్ అనడానికి ఇంకేం కావాలి?

పాలకొండలు
మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి గానీ, ఇమ్యూనిటీ పెంచడానికి తిప్పతీగ కషాయం పరగడుపున ఇస్తే సరిపోతుంది కదా. మా ఊళ్లో చాలామంది తాగుతారు.

కౌన్సెలర్_అక్క
వద్దు తమ్ముడూ. ఇక్కడ సమస్య రోగనిరోధక శక్తి నిద్రపోవడం కాదు, నిద్ర లేకుండా ఊగిపోవడం. దాన్ని ఇంకా లేపుతారా? తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన దేశం నుంచే వైద్య పత్రికల్లో వచ్చాయి. లివర్ రిపోర్టు పట్టుకుని వచ్చిన మనిషికి చెప్పాల్సిన సలహా కాదిది.

పాలకొండలు
సరే అక్కా, వెనక్కి తీసుకుంటున్నా. కోప్పడొద్దు.

శెనక్కాయలు
నేను ధర్మవరం వైపు మనిషిని. చాలా ఏళ్లుగా మందుల మీదే ఉన్నా. ఈ పనికిరాని యాంటీబాడీల దెబ్బ నాకు ఎట్లా తగిలిందో చెప్తా. మందులు మొదలైన కొత్తలో వీడీఆర్ఎల్ పరీక్షలో పాజిటివ్ వచ్చింది. సిఫిలిస్ అన్నారు. ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ రాయలేను. మా అత్త ఊరంతా చాటింది. తర్వాత ఒక పెద్ద డాక్టర్ సిఫిలిస్‌ను నిర్ధారించే టీపీహెచ్ఏ పరీక్ష చేయించారు, నెగెటివ్. "నీ బీ కణాలు దొరికిన ప్రతిదానికీ యాంటీబాడీ చేస్తున్నాయి, వీడీఆర్ఎల్ దానికి మోసపోయింది" అన్నారు. అత్త మాత్రం ఇంకా నమ్మలేదు.

ల్యాబ్_తమ్ముడు
అవునన్నా. వీడీఆర్ఎల్ చూసేది కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం మీద యాంటీబాడీలను. హెచ్‌ఐవీలో అవి ఊరికే పుట్టే అవకాశం ఎక్కువ. అందుకే టీపీహెచ్ఏతో నిర్ధారించకుండా ఎవరికీ సిఫిలిస్ అని చెప్పకూడదు. అట్లాగని వీడీఆర్ఎల్ పాజిటివ్ వస్తే పట్టించుకోకుండా ఉండటం కూడా తప్పే, రెండు జబ్బులూ కలిసి ఉండే మనుషులు తక్కువేం కాదు.

సప్తగిరి_సర్కిల్
అందరికీ థాంక్స్. ఇంత మంది రాస్తారనుకోలేదు. ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాం, వెడల్పుగా ఉంది, ఎం బ్యాండ్ లేదు అని రాశారు. అక్క కొంచెం తేరుకుంది. టీకా సంగతి మాత్రం నాకింకా అర్థం కాలేదు. అంత యాంటీబాడీ తయారుచేసే కణాలకు హెపటైటిస్ బి మీద కాస్త చేయడానికి ఏమైంది?

పెన్నా_పరిశోధన
ఈ ప్రశ్న దగ్గరే అసలు మజా.

టీకా పనిచేయాలంటే లింఫ్ గ్రంథుల్లో ఒక చోట బీ కణం, సహాయక టీ కణం ముఖాముఖి కలవాలి. ఆ టీ కణాలను టీఎఫ్‌హెచ్ అంటారు. అవి ఐఎల్-21, ఐఎల్-4, సీడీ40 లిగాండ్ అనే సంకేతాలు సరైన మోతాదులో, సరైన బీ కణానికే ఇస్తాయి. అట్లా నెగ్గిన కణాలే మెమరీ కణాలుగా ఏళ్లు నిలుస్తాయి. రక్తంలో ఐఎల్-6 ఎంత ఉన్నా ఈ చాటు మాటకు బదులు కాదు.

హెచ్‌ఐవీలో విచిత్రం ఏంటంటే, మిగతా సీడీ4 కణాలు తగ్గుతుంటే టీఎఫ్‌హెచ్ కణాలు చాలామందిలో పెరుగుతాయి. పెరిగినా చేసే సాయం నాసిరకం. రక్తంలో ఐఎల్-21 తగ్గుతుంది. బీ కణాల మీద ఉన్న పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ టీఎఫ్‌హెచ్ మీది పీడీ-1 అనే బ్రేకు లాంటి గ్రాహకాన్ని తాకి వాటిని ఇంకా మందగింపజేస్తుంది. పైగా వైరస్ దాక్కునే పెద్ద స్థావరాల్లో ఈ టీఎఫ్‌హెచ్ కణాలు ఒకటి, ఎందుకంటే చంపడానికి రావాల్సిన సీడీ8 కణాలు ఆ చోటుకు ఎక్కువగా రాలేవు.

ఇక మెమరీ కణాలు. ఆరోగ్యవంతుల్లో వీటి మీద సీడీ27 గుర్తు ఉంటుంది. హెచ్‌ఐవీలో ఇవి తగ్గుతాయి. వాటి చోట సీడీ21 తగ్గిపోయిన, సీడీ27 లేని కణాలు చేరతాయి. 2008లో సుసాన్ మోయిర్ బృందం వీటిని వర్ణించి అలసిపోయిన బీ కణాలు అంది. వాటి మీద ఎఫ్‌సీఆర్ఎల్4 లాంటి అడ్డుకునే గ్రాహకాలు ఎక్కువ. యాంటిజెన్ తగిలినా సరిగ్గా కదలవు.

శెనక్కాయలు
అలసిపోయి, తగిలినా కదలని కణాలంటే మా వయసు మొగోళ్లందరి సంగతీ రాసినట్టుంది.

కారందోశ
😂 అన్నా ఈ మాట ఫ్రేమ్ కట్టించుకోవాలి.

హంద్రీ_ఒడ్డు
@పెన్నా_పరిశోధన ఐఎల్-7 వదిలేశారు. సీడీ4 తగ్గేకొద్దీ రక్తంలో ఐఎల్-7 పెరుగుతుంది, దాంతోపాటే ఇంకా ముదరని బీ కణాలు రక్తంలో ఎక్కువవుతాయి. సప్తగిరి గారి బావ 140 దగ్గర దొరికారు కాబట్టి ఆయనలో అప్పట్లో ఇవి బాగానే ఉండి ఉంటాయి. వీటికి టీకా చూపించినా పెద్దగా లాభం ఉండదు.

పెన్నా_పరిశోధన
వదల్లేదు సార్, ముదిరిన బీ కణాల మీద ఐఎల్-7 గ్రాహకమే ఉండదు కదా, అందుకే జాగ్రత్త పడ్డా. వాటి మీద దాని ప్రభావం టీ కణాల ద్వారా తిరిగి వచ్చేది. ఐఎల్-7 తగిలిన టీ కణాలు ఇంటర్ఫెరాన్ గామా వదిలి, బీ కణాల మీద ఫాస్‌ను పెంచుతాయి. ఇంతకుముందు మీరు చెప్పిన ఇంటర్ఫెరాన్ కథకు ఇది జత. దారులు వేరైనా రెండూ బీ కణాన్ని చావుకు సిద్ధం చేసేవే.

హంద్రీ_ఒడ్డు
ఇది బాగా చెప్పారు. ఇట్లా చెప్తే మా క్లాసులో పిల్లలు పడుకోరు.

బురుజు_నీడ
నేను అడిగేది తిక్క ప్రశ్న కావచ్చు. కోవిడ్‌లో టోసిలిజుమాబ్ కోసం జనం బ్లాక్‌లో వేలు, లక్షలు పోశారు. అది ఐఎల్-6ను ఆపే మందే కదా. అదే ఇస్తే ఒక మైకు ఆగిపోతుంది కదా?

హంద్రీ_ఒడ్డు
తిక్క ప్రశ్నేం కాదు. టోసిలిజుమాబ్ ఐఎల్-6 గ్రాహకాన్ని మూసేస్తుంది. బాఫ్‌ను ఆపే బెలిముమాబ్ కూడా ఉంది, అమెరికాలో 2011లో లూపస్‌కు అనుమతి వచ్చింది. కానీ హెచ్‌ఐవీకి మామూలు వైద్యంలో వీటిని వాడరు. ఐఎల్-6 మూస్తే టీబీ లాంటివి తిరగబడే ప్రమాదం ఉంది, మన దేశంలో అది చిన్న విషయం కాదు. బాఫ్ మూస్తే మంచి బీ కణాలూ పోతాయి. వైరస్‌ను ఆపే మాత్ర రోజుకొకటి ఉచితంగా దొరుకుతుంటే, ముందు దాన్ని సరిగ్గా వేసుకోవాలి. ఈ విషయంలో పెన్నా గారితో నాకు గొడవ లేదు.

శెనక్కాయలు
ఉచితం అంటే గుర్తొచ్చింది. మన దేశంలో ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచే మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో సీడీ4 200 లోపుకు పడిపోయేదాకా ఆగమనేవాళ్లు. తర్వాత 350 అన్నారు, ఆ తర్వాత 500. 2017 నుంచి తెలిసిన రోజే మొదలుపెట్టమన్నారు. ఆగిన మా బ్యాచ్ బీ కణాల గతి ఏంటి?

పెన్నా_పరిశోధన
అన్నా, ఉన్నదున్నట్టు చెప్తా. మందులతో గ్లోబ్యులిన్ దిగుతుంది, ముదరని కణాలు తగ్గుతాయి, అలసిపోయినవీ చాలావరకు తగ్గుతాయి. మెమరీ కణాలు మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో పూర్తిగా వెనక్కి రావు. సోకిన కొత్తలోనే మొదలుపెట్టినవాళ్లలో చాలా మెరుగ్గా నిలుస్తాయి. అంటే మీరు పనికిరాకుండా పోయారని కాదు. టీకాలు, బూస్టర్ల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి, అంతే.

శెనక్కాయలు
చెప్పావు, చాలు. దాచి ఊరడించేవాళ్లను చాలామందిని చూశా.

కౌన్సెలర్_అక్క
@సప్తగిరి_సర్కిల్ టీకా విషయంలో చేయగలిగింది ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మూడు డోసులకు నూటికి 90 మందికి పైగా టైటర్ 10 దాటుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో అంత రాదు, సీడీ4 తక్కువగా ఉన్నప్పుడు, వైరస్ ఇంకా తగ్గనప్పుడు వేస్తే మరీ తక్కువ. మీ బావకు బహుశా మందులు మొదలైన కొత్తలోనే వేసి ఉంటారు. ఇప్పుడు వైరల్ లోడ్ తగ్గింది కాబట్టి మళ్లీ వేయించుకోవడం గురించి డాక్టర్‌ను అడగండి. పెద్దవాళ్ల మామూలు డోసు 20 మైక్రోగ్రాములు. ఇట్లాంటివాళ్లకు రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాముల చొప్పున వేసే పద్ధతి ఉంది. ఆఖరి డోసు తర్వాత ఒకటి, రెండు నెలల్లో టైటర్ చూడాలి.

ఇంకో మాట. కౌంటర్ దగ్గర పదిమందిలో మాట్లాడిన సంగతి. ఆ కుర్రాడు హెచ్‌ఐవీ అనే మాట కూడా బయటపెట్టి ఉంటే అది చట్టవిరుద్ధం. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా అతని స్థితిని బయటపెట్టకూడదు. సలహా కావాలంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

సప్తగిరి_సర్కిల్
ఆ మాట అనలేదక్కా, క్యాన్సర్ అని మాత్రమే అన్నాడు. డాక్టర్ మళ్లీ టీకా వేయిద్దాం అన్నారు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) గురించి కూడా ఎవరో ఏదో అన్నారట, అక్క మళ్లీ నెట్‌లో వెతుకుతోంది.

హంద్రీ_ఒడ్డు
అక్క చేతిలోంచి ఫోన్ లాక్కోండి ముందు. బీ కణాల లింఫోమా ముప్పు హెచ్‌ఐవీలో ఎక్కువ అన్నది నిజం. ఏళ్ల తరబడి బీ కణాలు ఆపకుండా విభజన చెందుతుంటే జన్యువుల్లో పొరపాట్లు పోగవుతాయి, ఈబీ వైరస్ కూడా దానికి తోడవుతుంది. లింఫోమా వచ్చినవాళ్ల పాత రక్త నమూనాలు చూస్తే, జబ్బు బయటపడకముందే ఐఎల్-6, ఐఎల్-10, సీఎక్స్‌సీఎల్13 లాంటివి ఎక్కువ ఉన్నట్టు తేలింది. ఇంతా చెప్పాక, మందులతో ఆ ముప్పు బాగా తగ్గుతుంది. మెడలోనో చంకలోనో గడ్డ పెరుగుతూ ఉన్నా, కారణం లేకుండా జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కు చెప్పాలి. ఆ గుర్తులు టీబీవి కూడా. ఏవీ లేకపోతే వెతకడం ఆపమనండి.

బురుజు_నీడ
ఇంత గోలలోంచి ఒక్క మంచి యాంటీబాడీ కూడా పుట్టదా?

పెన్నా_పరిశోధన
పుడతాయి! కొద్దిమందిలో, చాలా ఏళ్ల తర్వాత, రకరకాల హెచ్‌ఐవీలను ఆపగల యాంటీబాడీలు వస్తాయి. వీఆర్‌సీ01 అట్లాంటిదే, 2010లో ప్రకటించారు. వైరస్ సీడీ4ను పట్టుకునే చోటునే ఇది మూసేస్తుంది. అయితే అట్లాంటిది తయారవ్వాలంటే బీ కణం మామూలు కంటే చాలా ఎక్కువ మార్పులకు లోనవ్వాలి, దానికి టీఎఫ్‌హెచ్ సాయం ఏళ్ల తరబడి దొరకాలి. వచ్చేసరికి ఆ మనిషి ఒంట్లోని వైరస్ వేషం మార్చేసి ఉంటుంది.

పాలకొండలు
దాన్నే బయట తయారుచేసి ఎక్కిస్తే?

పెన్నా_పరిశోధన
చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. వీఆర్‌సీ01 ఎక్కించడం వల్ల మొత్తం మీద హెచ్‌ఐవీ సోకడం తగ్గలేదు. దానికి బాగా లొంగే వైరస్‌ల విషయంలో మాత్రం పనిచేసింది. ఇప్పుడు రెండు మూడు కలిపి ప్రయత్నిస్తున్నారు. తిప్పతీగ కంటే మంచి ప్రశ్నే అడిగావు ఈసారి.

పాలకొండలు
దాన్ని వదలరన్నమాట.

కారందోశ
మన వైపు ఇట్లాంటి పరిశోధన ఎవరైనా చేస్తున్నారా? అంతా అమెరికా, జపానేనా?

కౌన్సెలర్_అక్క
అనంతపురం జిల్లా బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది కదా. అక్కడి హెచ్‌ఐవీ రోగుల సమాచారంతో విన్సెంట్ ఫెర్రర్ కోహార్ట్ పేరిట చాలా పరిశోధన పత్రాలు వచ్చాయి. అవి బీ కణాల గురించి కాదులే, ఎవరు ఆలస్యంగా వస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, టీబీ ఎంత మందికి ఉంది, ఇట్లాంటివి. నా దృష్టిలో అవి తక్కువవేం కాదు.

శెనక్కాయలు
బత్తలపల్లి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అక్కా. జిల్లా మారి ఇన్నేళ్లయినా ఎవరూ గుర్తుపెట్టుకోరు.

కారందోశ
ధర్మవరం మనిషికి కోపం వచ్చింది.

శెనక్కాయలు
కోపం కాదుగానీ, నాదీ ఒక డౌటు తీర్చండి. నాకు న్యుమోనియా టీకా వేయించుకోమన్నారు, హెపటైటిస్ బి బూస్టర్ కూడా బాకీ ఉంది. బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలీ పోతాయి కాబట్టి రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చా, వేరేగా రావాలా?

కౌన్సెలర్_అక్క
ఒకే రోజు వేయించుకోవచ్చన్నా, చెరో చేతికి. రెండింటిలోనూ బతికున్న క్రిమి ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. బతికున్న క్రిములతో చేసే టీకాలు వేరే, సీడీ4 200 లోపు ఉన్నప్పుడు వాటిని వేయరు. వెళ్లేటప్పుడు మీ ఏఆర్‌టీ పుస్తకం, కిందటిసారి వైరల్ లోడ్ కాగితం తీసుకెళ్లండి.